ఎవరు ఎవరిని తాకుతున్నారు: హిమోగ్లోబిన్ కాంటాక్టుల లెక్క, పర్లాకిమిడి డైరీ

ముందే చెప్పేస్తాను. ఈ పనికి 85 గంటలు పట్టింది. అందులో 51 గంటలు తప్పులకే పోయాయి. మిగిలిన 34 గంటల్లో ఏం చేశానో తెలిస్తే మీకు సరిపోతుంది. కానీ ఆ 51 గంటల సంగతి తెలియకపోతే మీరూ అక్కడే పడతారు. అందుకే ఈ డైరీలో తప్పులే ఎక్కువ.

పని ఇది. ప్రోటీన్ నిర్మాణం ఫైలు తీసుకుని, అందులో ఏ అమైనో ఆమ్లం దేన్ని తాకుతోందో జాబితా వేయాలి. గొలుసులో చేరాక అమైనో ఆమ్లాన్ని రెసిడ్యూ అంటారు, నేనూ అదే మాట వాడతాను. చివరికి చేరాల్సింది సికిల్ సెల్ హిమోగ్లోబిన్ దగ్గరికి. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్. సికిల్ సెల్ జబ్బులో అది ఎర్రకణాలను కొడవలిలా వంచేస్తుంది. ఒడిశాలోని మా గజపతి జిల్లా వైపు ఆ జబ్బు కొత్త మాట కాదు. మా అక్క కూతురి కాలేజీలో రక్తపరీక్షలు చేసి కార్డులిచ్చారు. తనకేమీ లేదు. తన స్నేహితురాలి కార్డు మీద మాత్రం ఏఎస్ అని ఉంది, అంటే రెండు జన్యువుల్లో ఒకటి సికిల్ జన్యువు. "146 రెసిడ్యూల్లో ఒక్కటి మారితే ఇంత గొడవేంటి మావయ్యా?" అని అడిగింది. నేను ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి, రీసెర్చ్ మనిషిని కాదు. కానీ ఫైళ్లు అందరికీ ఉచితమే. ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో మొదలైంది. అందులో ఏ ఫైలైనా పైసా ఇవ్వకుండా దించుకోవచ్చు.

ఫైలు గుర్తులు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టుకోండి.

సామాను

1. ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, లినక్స్.
2. కోడ్ రాయడానికి పైథాన్, లెక్కలకు దాని లైబ్రరీలు నమ్‌పై, సైపై.
3. బొమ్మ చూడ్డానికి పైమాల్, ఉచితంగా దొరికే వెర్షన్.
4. గ్రాఫ్ నోట్‌బుక్, రెండు రంగుల స్కెచ్ పెన్నులు: 40 రూపాయలు.
5. 2018లో తిత్లీ తుఫాను తర్వాత కొన్న ఇన్వర్టర్. ఇది లెక్కలోకి తీసుకోలేదు గానీ, అది లేకపోతే ఈ డైరీ లేదు.

రెడీమేడ్ లైబ్రరీలు ఉండగా ఫైలు చదివే కోడ్ నువ్వెందుకు రాశావని అడగొచ్చు. బయోపైథాన్ ఉందని నాకూ తెలుసు. కానీ దాన్ని వాడితే లోపల ఏం జరుగుతోందో అమ్మాయికి చెప్పలేనని సొంతంగా రాశాను. ఇప్పుడు అడిగితే, నేర్చుకోవడానికి సొంత కోడ్, ఫలితం కోసం బయోపైథాన్ అంటాను.

మొదటి దశ: క్రాంబిన్, చేత్తో లెక్క

హిమోగ్లోబిన్ మీద పడకుండా ముందు క్రాంబిన్ అనే చిన్న ప్రోటీన్ తీసుకున్నాను. ఫైలు గుర్తు 1సీఆర్ఎన్. 46 రెసిడ్యూలు, 327 పరమాణువులు. చిన్నది కాబట్టి తప్పు చేస్తే కంటికి కనిపిస్తుంది.

కోడ్ రాయకముందే ఒక దూరం చేత్తో కట్టాం, రెండు ఆల్ఫా కార్బన్ల మధ్య. ఆల్ఫా కార్బన్ అంటే ప్రతి రెసిడ్యూలో గొలుసు వెన్నెముక మీద ఉండి, పక్క కొమ్మ మొలిచే కార్బన్. అది ఎక్కడుందో ఫైలు ఎక్స్, వై, జెడ్ అనే మూడు సంఖ్యల్లో చెబుతుంది. చేతికి అందిన కాగితం ఒక పెళ్లి శుభలేఖ, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా. దాని వెనకాల:

1. మొదటి థ్రియోనిన్ ఆల్ఫా కార్బన్: 16.967, 12.784, 4.338.
2. రెండో థ్రియోనిన్ ఆల్ఫా కార్బన్: 13.856, 11.469, 6.066.
3. తేడాలు: 3.111, 1.315, మైనస్ 1.728.
4. వర్గాలు: 9.678, 1.729, 2.986.
5. కూడితే 14.393. వర్గమూలం 3.79.

మొదటిసారి నాకు 2.90 వచ్చింది. మైనస్ సంఖ్యను వర్గం చేశాక కూడా మైనస్ అలాగే ఉంచేశాను. ట్యూషన్లో పిల్లలకు రోజూ తిట్టే తప్పే! అమ్మాయి ఏమీ అనలేదు, కాల్‌క్యులేటర్ నా వైపు జరిపింది.

3.79 సరైనదని ఎలా తెలుసు? గొలుసులో పక్కపక్క రెసిడ్యూల ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం ఎప్పుడూ 3.8 ఆంగ్‌స్ట్రామ్ దగ్గరే ఉంటుంది. (ప్రోలీన్ ముందు అరుదుగా వచ్చే సిస్ బంధం దగ్గర మాత్రం తగ్గుతుంది.) ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరును వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఈ 3.8 మొత్తం ప్రాజెక్టుకి నా తూకంరాయి అయింది. కోడ్ మార్చిన ప్రతిసారీ ముందు 45 పక్కపక్క దూరాలు అచ్చు వేసి చూసేవాణ్ణి. ఎక్కడైనా 5 గానీ 7 గానీ కనిపిస్తే తప్పు ఫైల్లో లేదు, నా దగ్గరే ఉంది.

ఇప్పటికి మొత్తం: 5 గంటలు, తప్పులకు 1, ఖర్చు 40 రూపాయలు.

రెండో దశ: ఫైలు చదవడం (అసలు నరకం ఇదే)

పాత పీడీబీ (ప్రోటీన్ డేటా బ్యాంక్) ఫార్మాట్ నిలువు వరుసల లెక్క మీద నడుస్తుంది. పరమాణువు పేరు 13 నుంచి 16 దాకా, రెసిడ్యూ పేరు 18 నుంచి 20 దాకా, గొలుసు అక్షరం 22లో, రెసిడ్యూ నంబరు 23 నుంచి 26 దాకా. ఎక్స్ విలువ 31 నుంచి 38, వై 39 నుంచి 46, జెడ్ 47 నుంచి 54. మధ్యలో ఖాళీ ఉండి తీరాలన్న నియమం లేదు. నేను మాత్రం ఖాళీలను బట్టి ముక్కలు చేసే స్ప్లిట్ వాడాను. 1సీఆర్ఎన్ మీద చక్కగా పనిచేసింది. అదే మోసం చేసింది.

వైఫల్యం 1. అదే క్రాంబిన్‌కి ఇంకా సూక్ష్మంగా, 0.54 ఆంగ్‌స్ట్రామ్ రిజల్యూషన్‌లో తీసిన ఫైలు ఉంది, 1ఈజేజీ. ప్రోటీన్ ఒకటే కాబట్టి జాబితా కూడా ఒకేలా రావాలని పరీక్ష పెట్టాను. రెసిడ్యూల లెక్క 46 దాటిపోయింది, కాంటాక్టులు అమాంతం పెరిగిపోయాయి. కారణాలు మూడు, మూడూ ఒకేసారి మీద పడ్డాయి. ఒకటి, అంత స్పష్టమైన ఫైల్లో హైడ్రోజన్లు కూడా ఉన్నాయి, నేను వాటినీ లెక్కపెట్టాను. రెండు, ఒకే గొలుసు కొమ్మ రెండు భంగిమల్లో కనిపిస్తే 17వ వరుసలో ఎ, బి అని గుర్తు పెడతారు. ఆ అక్షరం రెసిడ్యూ పేరుకు అతుక్కుపోయి స్ప్లిట్‌కి కొత్త పేరుగా కనిపించింది. మూడోది నేను ఊహించనే లేదు. క్రాంబిన్ సహజంగానే రెండు రకాల మిశ్రమం. 22వ స్థానంలో కొన్ని అణువుల్లో ప్రోలీన్, కొన్నింటిలో సెరీన్. ఫైల్లో రెండూ ఒకే నంబరు మీద కూర్చున్నాయి.

వైఫల్యం 2. కాల్మోడ్యులిన్ ఫైలు మీద ఆల్ఫా కార్బన్లు నాలుగు ఎక్కువ వచ్చాయి. ఆల్ఫా కార్బన్ పేరు సీఏ, కాల్షియం గుర్తూ సీఏ. తేడా ఒక్క ఖాళీ. కార్బన్ అయితే పేరు 14వ వరుసలో మొదలవుతుంది, కాల్షియం అయితే 13లో. ఖాళీలు కత్తిరించి చదివినవాడికి రెండూ ఒకటే. ఆ నాలుగూ కాల్మోడ్యులిన్ పట్టుకున్న కాల్షియం అయాన్లు.

వైఫల్యం 3. విసుగొచ్చి హెటాటమ్ వరుసలన్నీ (మామూలు రెసిడ్యూలు కానివాటిని ఫైల్లో ఆ పేరు కింద రాస్తారు) ఒక్క వేటుతో తీసేశాను. నీళ్లు, కాల్షియం పోయాయి గానీ, మరో ఫైల్లో గొలుసు మధ్య కన్నాలు పడ్డాయి. 3.8 తూకంరాయి పట్టేసింది, అక్కడ 7 దాటి వచ్చింది. నిర్మాణం కనుక్కోవడానికి మెథియోనిన్ బదులు సెలీనోమెథియోనిన్ పెడతారు. అది గొలుసులో భాగమే అయినా హెటాటమ్ కిందే రాస్తారు.

మార్చినవి:

1. స్ప్లిట్ తీసేసి వరుస నంబర్లతో కోత.
2. హైడ్రోజన్లు వదిలేయడం.
3. రెండు భంగిమలుంటే ఎక్కువ ఆక్యుపెన్సీ (ఆ భంగిమ ఎంత పాలు ఉందో చెప్పే సంఖ్య) ఉన్నదాన్నే ఉంచడం.
4. హెటాటమ్‌లో సెలీనోమెథియోనిన్‌ను మాత్రం రానివ్వడం.
5. ప్రతి ఫైలుకీ మొదట రెసిడ్యూల సంఖ్య అచ్చు వేసి, రాసిపెట్టుకున్న సంఖ్యతో పోల్చడం. ఈ అయిదోదాన్ని చివరిదాకా పాటించి ఉంటే ఆరో దశలో నా పరువు దక్కేది.

ఇప్పటికి మొత్తం: 19 గంటలు, తప్పులకు 12, ఖర్చు 40.

మూడో దశ: తాకడం అంటే ఎంత దూరం?

దీనికి ఒక్క జవాబు లేదు. ఎక్కువమంది వాడేవి రెండు. రెండు రెసిడ్యూల్లో ఏవైనా రెండు బరువైన పరమాణువులు (హైడ్రోజన్ కానివి) 4.5 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే కాంటాక్ట్ అనేది మొదటిది. బీటా కార్బన్ల (కొమ్మలో మొదటి కార్బన్) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే కాంటాక్ట్ అనేది రెండోది. నిర్మాణాలను ఊహించే సీఏఎస్‌పీ పోటీల్లో ఈ రెండోదే వాడతారు.

మొదట ఆల్ఫా కార్బన్లతో 8 పెట్టాను, కోడ్ తేలికని. జాబితాలో అసలు తగలని జంటలు వచ్చాయి. గుణుపురం ప్యాసింజర్లో వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్లు ఉంటారే, అలాగ. వెన్నెముకలు దగ్గరే, ముఖాలు చెరో కిటికీ వైపు. లైసీన్, ఆర్జినీన్ లాంటి పొడుగు కొమ్మలవాళ్లది తిరగేసిన కథ. వెన్నెముకలు దూరంగా ఉంటాయి, కొమ్మ చివర్లు మాత్రం పట్టుకుని ఉంటాయి. 8 కటాఫ్‌కి ఆ సంగతే తెలియదు. హిమోగ్లోబిన్‌లో ముఖ్యమైన ఉప్పు వంతెనలు, అంటే ధనావేశం ఉన్న కొమ్మ రుణావేశం ఉన్నదాన్ని పట్టుకునే జంటలు, అలాంటివే. అందుకని 4.5 కి మారాను.

బీటా కార్బన్ పద్ధతి కూడా పక్కన ఉంచుకున్నాను, పోల్చి చూడ్డానికి. అది గ్లైసీన్ దగ్గర ఆగిపోయింది. గ్లైసీన్‌కి బీటా కార్బన్ ఉండదు. అక్కడ ఆల్ఫా కార్బన్ తీసుకోమని ఒక వరుస రాశాను. పుస్తకంలో వందసార్లు చదివిన విషయం, కోడ్ ఎర్రగా అరిస్తే గానీ గుర్తు రాలేదు.

పక్కవాళ్లను తీసేయడం ఇంకో సంగతి. క్రాంబిన్‌లో మొత్తం జంటలు 1035. గొలుసులో పక్కనున్నవాడు ఎలాగూ తాకుతాడు, అదేం వార్త కాదు. మూడు అంతకంటే ఎక్కువ ఎడం ఉన్న జంటలే తీసుకుంటే 946. ఆరు, ఆ పైన తీసుకుంటే 820. నేను రెండు జాబితాలూ వేశాను. మొదటిదాంట్లో హెలిక్స్‌లు, అంటే స్ప్రింగులా చుట్టుకున్న గొలుసు ముక్కలు, కనిపిస్తాయి. రెండోదాంట్లో గొలుసు మడత పడి దూరం నుంచి వచ్చి తాకేవే మిగులుతాయి.

గ్రాఫ్ నోట్‌బుక్‌లో 46 గళ్లు అడ్డం, 46 నిలువు. అమ్మాయి గళ్లు నింపింది, నేను జాబితా చదివాను. గంటన్నర. 7 నుంచి 19 దాకా మూలరేఖ పక్కనే మందమైన చార వచ్చింది, అది హెలిక్స్. పై మూలలో 1–4, 32–35 కలిసే చోట మూలరేఖకు అడ్డంగా చిన్న గీత. అక్కడ గొలుసు రెండు ముక్కలు ఎదురెదురు దిశల్లో పక్కపక్కన పడుకున్నాయి. మూడు డైసల్ఫైడ్ (గంధకం–గంధకం బంధం) జంటలను, 3–40, 4–32, 16–26, ఎర్ర పెన్నుతో చుట్టాం. ఆ మూడూ జాబితాలో లేకపోతే కోడ్ చెత్తబుట్టకే. ఉన్నాయి.

ఇప్పటికి మొత్తం: 28 గంటలు, తప్పులకు 16, ఖర్చు 40.

నాలుగో దశ: తీగ, పూసలు (మీరు చేయకండి, లేదా జాగ్రత్తగా చేయండి)

ఆంగ్‌స్ట్రామ్‌కి సెంటీమీటరు చొప్పున తీగతో క్రాంబిన్ కడదామనుకున్నాం. 46 పూసలు, మధ్య 45 ఎడాలు, ఒక్కోటి 3.8 సెంటీమీటర్లు: 171 సెంటీమీటర్ల తీగ. బజార్లో సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైర్ కొన్నాను. దాని బరువుకు అదే వంగిపోయింది. మర్నాడు కొంచెం మందం తీగ. తీగలు 120, పూసలు 90.

హెలిక్స్ ముక్కను దూరాలు చూసుకుంటూ వంచాను. మూడో పూసకు 5 సెంటీమీటర్లు, నాలుగో పూసకు 6.2. స్కేలు పెట్టి కొలిస్తే అన్నీ సరిపోయాయి. గర్వంగా తెర పక్కన పెట్టాను. అమ్మాయి కాసేపు రెండూ చూసి, "తిరిగే వైపు వేరుగా ఉంది మావయ్యా" అంది.

నిజమే. నేను కట్టింది ఎడమ చేతి హెలిక్స్. ప్రోటీన్లలో ఆల్ఫా హెలిక్స్ దాదాపు ఎప్పుడూ కుడి చేతిది, మామూలు బోల్టు మర తిరిగే వైపే. ఒక్క దూరం కూడా తప్పు కాలేదు, బొమ్మ మాత్రం మొత్తం తప్పు. అద్దంలో బొమ్మకు దూరాలన్నీ అవే ఉంటాయి మరి! కాంటాక్ట్ జాబితాకి కుడీ ఎడమా తెలియవన్న ముక్క నాకు పుస్తకంలో కాదు, ఆ తీగ దగ్గర అర్థమైంది. తీగను విప్పి మళ్లీ చుట్టే ఓపిక లేక ఆ దశ అక్కడే ఆపేశాం. ఆ ఎడమ చేతి హెలిక్స్ ఇప్పటికీ గూట్లో ఉంది.

ఇప్పటికి మొత్తం: 34 గంటలు, తప్పులకు 21, ఖర్చు 250.

అయిదో దశ: హిమోగ్లోబిన్, ఆక్సిజన్ లేనప్పుడు

ఫైలు 4హెచ్‌హెచ్‌బీ, రిజల్యూషన్ 1.74 ఆంగ్‌స్ట్రామ్. నాలుగు గొలుసులు. ఎ, సి ఆల్ఫా, 141 రెసిడ్యూల చొప్పున. బి, డి బీటా, 146 చొప్పున. మొత్తం 574, జంటలు 1,64,451.

ప్రోటీన్‌లోని పరమాణువులు 4384. అందరినీ అందరితో పోలిస్తే 96 లక్షల పైచిలుకు దూరాలు. నా లూప్ రెండు నిమిషాలు దాటి తిరిగింది, ఫ్యాన్ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. రెండు మార్పులు చేశాను.

1. వర్గమూలం తీయడం మానేశాను. దూరం 4.5 లోపు ఉందా అని అడిగే బదులు, దూరం వర్గం 20.25 లోపు ఉందా అని అడిగితే చాలు.
2. సైపైలోని కేడీ ట్రీ వాడాను. అది దగ్గరివాళ్లను మాత్రమే చూస్తుంది. సెకను కూడా పట్టలేదు.

రెండోది పెట్టాక మొదటిది అక్కర్లేదు. కేడీ ట్రీ లేకుండా చేసేవాళ్ల కోసం రాశాను.

ఇక పరీక్ష. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్‌ను ఏ బంధాలు బిగించి ఉంచుతాయో, హిమోగ్లోబిన్ నిర్మాణం కనుక్కున్న మాక్స్ పెరుట్జ్ 1970లోనే వివరించాడు. నా జాబితాలో అవి ఉండాలి:

1. ఒక ఆల్ఫా గొలుసు చివరి ఆర్జినీన్ 141, రెండో ఆల్ఫాలోని ఆస్పార్టిక్ ఆమ్లం 126.
2. బీటా చివరి హిస్టిడీన్ 146, అదే గొలుసులోని ఆస్పార్టిక్ ఆమ్లం 94.
3. అదే హిస్టిడీన్ 146 తోక, ఎదుటి ఆల్ఫాలోని లైసీన్ 40.
4. ఆల్ఫా టైరోసిన్ 42, ఎదుటి బీటాలోని ఆస్పార్టిక్ ఆమ్లం 99.

మొదటి రన్‌లో మూడో జంట వచ్చింది గానీ, అందులో అసలు పట్టుకునే ఆక్సిజన్ రాలేదు. గొలుసు చివర ఉండే అదనపు ఆక్సిజన్‌కి ఓఎక్స్‌టీ అని పేరు. నేను అనుమతించిన పరమాణువుల పేర్ల జాబితాలో దాన్ని రాయడం మరిచిపోయాను. ఆ చివరి కార్బాక్సిల్ జట్టే లైసీన్‌ను పట్టుకునేది. పేరు చేర్చాక నాలుగూ పూర్తిగా వచ్చాయి.

ఇప్పటికి మొత్తం: 45 గంటలు, తప్పులకు 24, ఖర్చు 250.

ఆరో దశ: నా గొప్ప ఆవిష్కరణ

ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కి 1హెచ్‌హెచ్‌ఓ ఫైలు. ఎ గొలుసు, డి గొలుసు మధ్య, అంటే ఆల్ఫా1, బీటా2 మధ్య కాంటాక్టులు రెండు ఫైళ్లలోనూ పోల్చాలి. 4హెచ్‌హెచ్‌బీలో బారెడు జాబితా వచ్చింది. 1హెచ్‌హెచ్‌ఓలో సున్నా.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో "ఆక్సిజన్ చేరగానే ఈ సరిహద్దు కాంటాక్టులన్నీ తెగిపోతాయి" అని రాసి కింద రెండు గీతలు గీశాను. మా ఆవిడకి కూడా చెప్పాను. రెండు రోజులు దాని మీదే కథలు అల్లాను, ఎందుకు తెగుతాయి, ఎలా జారతాయి అని. మూడో రోజు అమ్మాయి పైమాల్‌లో హీమ్‌లకు (ఆక్సిజన్‌ను పట్టుకునే ఇనుము ఉన్న భాగాలు, గొలుసుకొకటి) రంగులేస్తూ అడిగింది:

"నాలుగు హీమ్‌లు ఉండాలి కదా? ఇందులో రెండే ఉన్నాయేంటి?"

ఫైల్లో సగం అణువే ఉంది. ఈ నిర్మాణాలను ప్రోటీన్ స్ఫటికం నుంచే తీస్తారు. ఆ స్ఫటికంలో మిగతా సగం మొదటి సగానికి కచ్చితమైన సౌష్టవ ప్రతి. అందుకని ఒక ఆల్ఫా, ఒక బీటా మాత్రమే ఫైల్లో పెట్టి, రెండో సగం ఎలా కట్టుకోవాలో పైన సూచన రాస్తారు. డి గొలుసే లేనప్పుడు దానితో కాంటాక్టులు సున్నా కాక ఏమవుతాయి? లేని గొలుసును అడిగినా నా కోడ్ కిక్కురుమనకుండా సున్నా ఇచ్చింది. 574 రావాల్సిన చోట 287 అని తెర మీద పడుతూనే ఉంది. రాసిపెట్టుకున్న సంఖ్యతో పోల్చమని నాకు నేనే నియమం పెట్టుకుని, ఈ ఫైలుకి సంఖ్య రాసుకోవడం మానేశాను.

సరిచేయడం కూడా ఒక్కసారిలో అవలేదు.

1. జీవకణంలో ఉండే పూర్తి రూపానికి విడిగా ఫైలు దొరుకుతుంది, దాని పేరు చివర పీడీబీ1 అని ఉంటుంది. దించాను. మళ్లీ సున్నా. అందులో రెండు సగాలూ మోడల్ 1, మోడల్ 2 అని వేరువేరు భాగాలుగా ఉన్నాయి. నా కోడ్ మొదటి మోడల్ అయిపోగానే ఆగిపోయేది.
2. రెండు మోడళ్లూ చదివించాను. మళ్లీ 287. రెండింట్లోనూ గొలుసుల పేర్లు ఎ, బి నే. గొలుసు, నంబరు కలిపి తాళంగా పెట్టిన డిక్షనరీలో రెండోది మొదటిదాన్ని తుడిచేసింది.
3. మోడల్ 2 చదివేటప్పుడు ఎ ను సి గా, బి ని డి గా పేరు మార్చాను. 574.

అప్పుడు నిజం బయటపడింది. సరిహద్దు తెగలేదు, జారింది. ఆల్ఫా టైరోసిన్ 42, బీటా ఆస్పార్టిక్ 99 జంట పోయింది. దాని బదులు ఆల్ఫా ఆస్పార్టిక్ 94, బీటా ఆస్పరజీన్ 102 జంట వచ్చింది. ఇంకా ముచ్చటైనది బీటా హిస్టిడీన్ 97. ఆక్సిజన్ లేనప్పుడు అది ఎదుటి ఆల్ఫాలోని థ్రియోనిన్ 41, ప్రోలీన్ 44 మధ్య కూర్చుంటుంది. ఆక్సిజన్ వచ్చాక ఒక మెట్టు జరిగి థ్రియోనిన్ 38, 41 మధ్యకు పోతుంది. ఇదంతా నాకంటే ముందు పెద్దవాళ్లు రాసిందే. కానీ సొంత జాబితాలో ఒక పేరు కొట్టివేసి పక్కన ఇంకో పేరు రాయడంలో వేరే తృప్తి ఉంది.

నోట్‌బుక్‌లో ఆ రెండు గీతలు చెరపలేదు. పక్కన "287" అని రాసి ఉంచాను.

ఇప్పటికి మొత్తం: 61 గంటలు, తప్పులకు 37, ఖర్చు 250.

ఏడో దశ: సికిల్ హిమోగ్లోబిన్

ఫైలు 2హెచ్‌బీఎస్, 1997లో ప్రచురించిన నిర్మాణం, 2.05 ఆంగ్‌స్ట్రామ్. ఇందులో రెండు పూర్తి హిమోగ్లోబిన్లు పక్కపక్కన ఉన్నాయి. ఎనిమిది గొలుసులు, 1148 రెసిడ్యూలు, జంటలు 6,58,378. ఈసారి మొదట లెక్కే చూశాను. 1148. హమ్మయ్య.

తర్వాత మారిన రెసిడ్యూ కోసం చూశాను. జన్యు రిపోర్టుల పద్ధతిలో అది 7వ స్థానం అని ఎక్కడో చదివి 7 కొట్టాను. గ్లుటామిక్ ఆమ్లమే కనిపించింది! సికిల్ ఫైల్లో వాలీన్ ఉండాలి కదా. తప్పు ఫైలు దించానేమోనని మళ్లీ దించాను. గొలుసు అక్షరాలు మార్చి చూశాను. ఒక సాయంత్రం మొత్తం పోయింది.

బీటా గొలుసు మొదలు ఇలా ఉంటుంది: వాలీన్, హిస్టిడీన్, లూసీన్, థ్రియోనిన్, ప్రోలీన్, గ్లుటామిక్, గ్లుటామిక్, లైసీన్. 6, 7 రెండూ గ్లుటామిక్కే. సికిల్‌లో మారేది ఆరోది. మరి 7 ఎక్కడిది? కణం ప్రోటీన్ కట్టేటప్పుడు మొట్టమొదట మెథియోనిన్ పెట్టి, తర్వాత దాన్ని తీసేస్తుంది. జన్యువు నుంచి లెక్కపెట్టేవాళ్లు దాన్ని కూడా కలుపుతారు, వాళ్లకు 7. పూర్తయిన ప్రోటీన్ నుంచి లెక్కపెట్టేవాళ్లకు 6. వెర్నన్ ఇంగ్రామ్ 1950ల్లో ఈ మార్పు కనిపెట్టిన నాటి నుంచీ ఆరే వాడుక. పక్కనే అలాంటిదే ఇంకోటి ఉండబట్టి నా తప్పు తప్పుగా కనపడలేదు.

6 కొట్టాక వాలీన్ వచ్చింది. నాలుగు బీటా గొలుసుల్లో నాలుగు వాలీన్లు. పక్క హిమోగ్లోబిన్‌లో ఎవరిని తాకుతున్నాయో అడిగితే, ఒక చోట తేటగా జవాబు వచ్చింది: పక్క అణువు బీటా గొలుసులోని ఫినైల్‌అలనిన్ 85, లూసీన్ 88. నీళ్లంటే పడని ఆ రెండూ కలిసి చిన్న గుంట కట్టాయి. వాలీన్ కూడా నీళ్లకు దూరంగా ఉండే రకమే, అందులో ఒదిగిపోయింది. గ్లుటామిక్ ఆమ్లం అయితే రుణావేశం మోసుకుంటూ నీళ్లలోనే ఉండాలనుకుంటుంది, ఆ గుంట వైపు తొంగి చూడదు.

మరి నాలుగూ ఎందుకు తాకడం లేదు? మళ్లీ కోడ్‌ని అనుమానించాను, మూడు గంటలు. ఈసారి కోడ్ తప్పు కాదు. ఒక్కో హిమోగ్లోబిన్‌లో ఉన్న రెండు వాలీన్లలో ఒక్కటే పక్క వరుసలోని గుంటలో దిగుతుంది. పైగా, తాకే పొరుగు అణువు ఫైలు హద్దు అవతల, స్ఫటికంలోని పక్క గదిలో ఉంటే జాబితాలోకి రాదు. పైమాల్‌లో సౌష్టవ ప్రతులు పుట్టించే ఆదేశం ఉంది. 5 ఆంగ్‌స్ట్రామ్ లోపు తాకే పొరుగులన్నింటినీ పుట్టించమన్నాను. ల్యాప్‌టాప్ గడ్డకట్టింది, బటన్ నొక్కి ఆపాల్సి వచ్చింది. రెండోసారి వాలీన్ 6 చుట్టూ మాత్రమే అడిగాను, పనైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్ఫటికంలో తాకినంత మాత్రాన రక్తంలో కూడా తాకుతాయని అర్థం కాదు. స్ఫటికంలో ఇరుక్కుని పక్కపక్కన పడ్డవీ ఉంటాయి. సికిల్ హిమోగ్లోబిన్ విషయంలో ఈ స్ఫటికంలోని జంట వరుసలు, ఎర్రకణంలో పెరిగే పోగుల్లోని జంట వరుసలు దాదాపు ఒకటేనని వేరే ప్రయోగాలు చెప్పాయి. ఒక పోగులో 14 వరుసలు, అంటే ఏడు జంటలు. మీ ప్రోటీన్‌కి అలాంటి ఆధారం లేకపోతే స్ఫటిక కాంటాక్టులను వేరే రంగులో రాసుకోండి.

ఇప్పటికి మొత్తం: 78 గంటలు, తప్పులకు 49, ఖర్చు 250.

ఎనిమిదో దశ: 87

గుంట చుట్టూ ఉన్న రెసిడ్యూల జాబితా ప్రింటు తీసి (60 రూపాయలు, అనవసరంగా రంగులో) గోడకు అంటించాం. 85కీ 88కీ మధ్య 87 ఉంది, థ్రియోనిన్. కడుపులో బిడ్డకు ఉండే ఫీటల్ హిమోగ్లోబిన్‌లో బీటా బదులు గామా గొలుసు ఉంటుంది. అందులో 87వ స్థానంలో గ్లుటమిన్, థ్రియోనిన్ కంటే పొడుగు కొమ్మ. పైమాల్‌లో రెసిడ్యూ మార్చే విజార్డ్‌తో 87లో గ్లుటమిన్ పెట్టి చూశాం.

మొదటి భంగిమలో కొమ్మ బయటికి తిరిగి హాయిగా కూర్చుంది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. తర్వాతి భంగిమల్లో కొన్ని పొరుగు గొలుసును గుద్దుకున్నాయి, ఎర్ర పళ్లేలు కనిపించాయి. ఏది నిజమో ఈ విజార్డ్ చెప్పలేదు, అది చోటు చూపిస్తుంది, బలం కొలవదు. ఫీటల్ హిమోగ్లోబిన్ కలిస్తే పోగులు పెరగడం అడ్డుపడుతుందన్నది ప్రయోగశాలల్లో తేలిన విషయం, ఆ అడ్డులో 87 పాత్ర పెద్దదని కూడా. ఒడిశా రోగుల్లో ఎక్కువగా కనిపించే అరబ్–ఇండియన్ జన్యు నేపథ్యంలో ఫీటల్ హిమోగ్లోబిన్ పాలు కాస్త ఎక్కువ. డాక్టర్లు రాసే హైడ్రాక్సీయూరియా కూడా దాన్నే పెంచుతుంది. మా ప్రింటులో దీనికి దొరికింది ఒక్క వరుసే: 87, గుంట అంచున.

ఆ ఆదివారం అమ్మాయి, ఏఎస్ కార్డు ఉన్న తన స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పిల్ల గోడ మీది జాబితా చూసి, గూట్లోని తీగ చూసి, "ఇదేనా సికిల్?" అంది. "అది కాదు, అది మా మావయ్య తప్పు" అంది మా అక్క కూతురు.

చివరి మొత్తం: 85 గంటలు, తప్పులకు 51, ఖర్చు 310 రూపాయలు.

మిగిలిన పని ఒకటుంది. పాత పీడీబీ ఫార్మాట్‌లో 99,999 పరమాణువులు, 62 గొలుసులు దాటితే పట్టవు. పెద్ద నిర్మాణాలన్నీ ఎంఎంసీఐఎఫ్ అనే కొత్త ఫార్మాట్‌లోనే వస్తున్నాయి. దాని రీడర్ రాయడం నిన్న మొదలుపెట్టాను. అందులో ప్రతి రెసిడ్యూకీ రెండేసి నంబర్లు ఉన్నాయి, ఒకటి నిర్మాణం కనుక్కున్నవాళ్లు పెట్టింది, ఒకటి డేటా బ్యాంక్ పెట్టింది.